మచ్చు చూచుట, లెక్క కూర్చుట

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాస పాఠము)



అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు కుండలోని మెతుకు లన్నిటిని పట్టి చూచు ఇల్లాలు లోకమున లేదు. ఒక్క మెతుకు తీసి వ్రేళ్ల నడుమ నొక్కి చూచును, కుండ దింపును. ధాన్యము కొను షావుకారు బస్తా లన్నిటిని నేలపై కుమ్మరింపడు. మొనదేలిన గొట్టమును బస్తాలో గ్రుచ్చి, పిడికెడు గింజలు తీసి, అరచేతిలో పోసికొని చూచును. దీనినే మచ్చు చూచుట అందురు. గణాంకశాస్త్రమున శాంపిల్ అను పేర వ్యవహరింపబడునది ఈ మచ్చే. ఏ సముదాయమును గూర్చి తెలిసికొనదలచితిమో అనక, ఏది తెలియవలసి యున్నదో ఆ మొత్తము సముదాయమునకు సమష్టి యని పేరు. కుండలోని అన్నము సమష్టి. చేతిలోని మెతుకు మచ్చు.

ఐతే ఈ మెతుకు సామెతలో పైకి కనబడని నియమ మొకటి కలదు. కుండలోని బియ్యమంతయు ఒకే మంటమీద, ఒకే తీరున ఉడికినప్పుడే ఒక మెతుకు తక్కిన మెతుకుల సంగతి చెప్పగలదు. అడుగు మాడి, పైభాగము పలుకుగా నున్న కుండలో పైమెతుకు చెప్పున దొకటి, అడుగుమెతుకు చెప్పునది మరియొకటి. బస్తా సంగతియు నంతే. మూతికడ మేలిగింజలు పోసి, నడుమ తాలు కలిపిన బస్తాను మూతి విప్పి మాత్రము చూచిన షావుకారు మోసపోవును. మచ్చు చిన్నదగుట దోషము కాదు. గుణమైనను దోషమైనను మచ్చు తీసిన తీరులోనే యున్నది. ఈ ప్రసంగ మంతయు ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానము.

షావుకారు మోసపోయిన, నష్టము ఒక బస్తాది. ఊరికి తీసిన మచ్చు తప్పైనచో నష్టము ఊరిది. వరద వచ్చినను, వానలు లేకపోయినను, ఈ యేడు పంట ఎంత పండినదను ప్రశ్నకు వచ్చిన జవాబునుబట్టియే శిస్తు వజాలును, కరవు సహాయమును, పంటబీమా సొమ్మును నిర్ణయింపబడుచు వచ్చినవి. దేశములోని వరి యంతయు అధికారుల యెదుట కోసి, నూర్చి, తూచి చెప్పుట ఏ ప్రభుత్వమునకును సాధ్యము కాదు. కావున ఏదో యొక మచ్చు తీయక తప్పదు.

పదహారణాల పంట

పూర్వము దేశమున పలుచోట్ల గ్రామోద్యోగి గట్టుమీద నిలిచి, పైరును చూచి, పదహారణాలలో ఈ యేడు పంట ఇన్ని అణాలని అంచనా కట్టెడివాడు. పదహారణాలన నిండుపంట. సాగైన విస్తీర్ణమును, ఎకరమునకు సాధారణముగా వచ్చు దిగుబడిని, ఈ అణాల వంతును గుణించి జిల్లా పంటను లెక్కగట్టెడివారు. విస్తీర్ణము గ్రామ లెక్కలలో నుండెను గనుక దానికి కొంత ఆధారము కలదు. అణాల వంతునకు మాత్రము కన్నే ఆధారము. కన్ను అబద్ధ మాడదు గాని, గట్టుమీది కన్నునకు గట్టుప్రక్క పైరే కనబడును. అదియు గాక, లెక్క హెచ్చిన శిస్తు విషయమున పట్టు బిగియునను భయము గ్రామస్థులకును, తన అంచనా నిరుటి అంచనాకు దూరమైన సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చునను భయము ఉద్యోగికిని ఉండుట సహజము. రెండు భయముల నడుమ పుట్టిన అంకెలో పొలము పాలు తక్కువ.

కంటికి బదులు కొడవలిని, త్రాసును నమ్మవలెననియు, కోయవలసిన చోటును మనుష్యుని ఇష్టమునకు విడువరాదనియు 1920 దశకమున బీహారు-ఒరిస్సా రాష్ట్రమున పూనుకొన్నవాడు జాన్ హబ్బాక్ అను సివిలు సర్వీసు ఉద్యోగి. వరి దిగుబడికి మచ్చు తీయుటను గూర్చిన ఆయన నివేదిక 1927లో వెలువడినది. దానిని విస్తారమైన శాస్త్రముగా పెంచినవారు ఆచార్య ప్రశాంతచంద్ర మహలనోబిస్. ఆయన 1893లో కలకత్తాలో జన్మించి, కేంబ్రిడ్జిలో భౌతికశాస్త్రము చదివి, ప్రెసిడెన్సీ కళాశాలలో ఆ శాస్త్రమునే బోధించుచు, 1931లో భారత గణాంకశాస్త్ర సంస్థను స్థాపించిరి. వంగరాష్ట్రమున జనపనార ఎంత భూమిలో సాగైనదో మచ్చు పద్ధతిని తెలిసికొను ప్రయత్నము 1937లో చిన్నదిగా మొదలైనది. ఏటేట దానిని సవరించుచు, పెంచుచు, 1941 నాటికి రాష్ట్రమంతటికి విస్తరింపజేసిరి. పెద్దపని చేయుటకు ముందు చిన్నపని చేసి, అందలి తప్పులనుండి నేర్చుకొనుట ఆయన పద్ధతిలో మొదటి గుణము.

రెండవ గుణము ఇంకను గొప్పది. ఒకే ప్రాంతమునకు రెండు వేర్వేరు మచ్చులు తీయించి, రెండు వేర్వేరు బృందములచే పని చేయించెడివారు. రెండు జవాబులును దగ్గరగా వచ్చిన విశ్వసింపవచ్చును. మిక్కిలి దూరమైనచో ఎక్కడనో పొరపాటు జరిగినదని, లేదా ఎవరో పొలమునకు పోకయే కాగితము నింపిరని శంకించి మరల చూడవలెను. ఈ ఏర్పాటు ఎవరిని దొంగ యనదు. ఎవరిని గ్రుడ్డిగా నమ్మదు.

ఆ కాలమున ప్రతి మడిని లెక్కించి తెచ్చిన జనపనార అంకె కన్న, కొద్దిపాటి గళ్లను చూచి తెచ్చిన మచ్చు అంకెయే వర్తకపు లెక్కలకు చేరువగా వచ్చెను. ఖర్చు చూడబోయిన అందులో స్వల్పాంశము. సర్వము లెక్కించిన దానికన్న కొంత లెక్కించినది నిజమునకు దగ్గరగుట వింతగా తోచును గాని, కారణము తేటయే. ప్రతి మడిని చూచుటకు వేలకొలది మనుష్యులు కావలెను. వారందరికి శిక్షణ యిచ్చుటయు, వారి వెంట తిరిగి చూచుటయు అసాధ్యము. కొద్దిచోట్ల చూచుటకు కొద్దిమంది చాలుదురు. వారిని చక్కగా తీర్చవచ్చును, పనిని పరీక్షింపవచ్చును.

1943లో వంగదేశమును కరవు మ్రింగినది. లక్షలాది ప్రజలు నశించిరి. ఆనాడు ప్రభుత్వము చేతనున్న పంట అంచనాలు ఎంతవరకు నమ్మదగినవను ప్రశ్న తరువాతి విచారణలో చర్చకు వచ్చినది. కరవు పిమ్మట మహలనోబిస్ బృందము మచ్చుగా ఎన్నిన గ్రామముల కేగి, ఏ కుటుంబము భూమి నమ్ముకొనినదో, ఏ కుటుంబము ఎద్దులను పోగొట్టుకొనినదో, ఎవరు వృత్తి విడిచి కూలికి దిగిరో విచారించి లెక్క తీసినది. అంకెలు ఆకలి తీర్చవు. కాని ఆకలి ఎచ్చట నున్నదో, ఎంత యున్నదో చూపనిచో, ధాన్యపు బండ్లను ఏ దారిని తోలవలెనో తెలియదు.

1941లో ఆ సంస్థలో చేరిన యువకులలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు ఒకరు. 1920లో జన్మించిన ఈ తెలుగుబిడ్డ ప్రపంచ గణాంకశాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడై, 2023లో ఆ శాస్త్రపు అంతర్జాతీయ బహుమతి నందుకొని, ఆ సంవత్సరముననే దివంగతుడయ్యెను. స్వాతంత్ర్యానంతరము 1950లో జాతీయ మచ్చు సర్వే ఆరంభమైనది. దాని మొదటి విడతలో దేశములోని లక్షలాది గ్రామములనుండి 1833 గ్రామములను మాత్రమే ఎన్నిరి.

చీటీ యొక్క న్యాయము

మచ్చు తీయు పద్ధతులలో మూలమైనది చీట్ల పద్ధతి. ఊరిలో 400 ఇండ్లు కలవనుకొందురు గాక. 400 చీట్లపై ఇంటి నంబర్లు వ్రాసి, ఒకే రీతిగా మడిచి, కుండలో వేసి, బాగుగా కలిపి, పసిబిడ్డచే 40 తీయించిన, ప్రతి యింటికిని ఎన్నికయగుటకు సమానమైన అవకాశము కలుగును. మునసబు ఇల్లనియు, మాలపల్లి ఇల్లనియు చీటీ ఎరుగదు. దీనికే యాదృచ్ఛిక పద్ధతి యని పేరు. యాదృచ్ఛికమన తోచినట్లు చేయుట కాదు. తోచినట్లు ఎన్నుకొను మనిషి తెలియకయే దగ్గరి ఇంటిని, పలుకరించు ఇంటిని, కుక్క లేని ఇంటిని ఎన్నుకొనును. తోచినట్లు చేయుటను అడ్డగించుటకే చీటీ. లక్షల చీట్లు వ్రాయుట కష్టము గనుక, ఎట్టి వరుసయు లేకుండ పేర్చిన అంకెల పట్టికలు పుట్టినవి. 1927లో ఇంగ్లండులో టిప్పెట్ ప్రకటించిన పట్టికలో 41,600 అంకెలు కలవు. నేడు ఆ పనిని యంత్రము క్షణములో చేయును. సూత్రము మాత్రము కుండలోని చీటీదే.

రెండవది వరుస పద్ధతి. 400 ఇండ్లలో 40 కావలెనన్న, మొదటి పది యిండ్లలో ఒకదానిని చీటీ వేసి తీసి, అటుపిమ్మట ప్రతి పదవ యింటికి పోవుట. ఇది సులభము. కాని వరుసలోనే ఒక మెలిక యున్నచో ప్రమాదము. ప్రతి వీధికిని సరిగా పది యిండ్లే యుండి, మొదటిది మూల యిల్లైనచో, చీటీలో ఒకటి వచ్చిన అన్నియు మూలయిండ్లే వచ్చును. మూలయిల్లు కొట్టుగదికి పనికివచ్చును గనుక ఊరంతయు వర్తకులే యని లెక్క తేలును.

మూడవది తరగతుల పద్ధతి. సమష్టిలో స్పష్టమైన భేదములు ముందే తెలిసియున్నప్పుడు, దానిని తరగతులుగా విభజించి, ప్రతి తరగతిలో వేరుగా చీట్లు వేయవలెను. కాలువ తలగట్టు పొలములు, చివరి పొలములు; మాగాణి, మెట్ట. ఇట్లు చేసిన, చీట్లు అన్నియు ఒకే ప్రక్కకు పడిపోవు భయము తీరును. అన్నపుకుండకు పైమెతు కొకటి, నడిమి మెతు కొకటి, అడుగు మెతు కొకటి చూచుట వంటిది ఇది.

నాలుగవది మజిలీల పద్ధతి. జిల్లాలోని రైతు లందరి జాబితా యెవరియొద్దను సిద్ధముగా నుండదు. కావున ముందు గ్రామములకు చీట్లు వేసి, ఎన్నికైన గ్రామములలో పొలములకు చీట్లు వేసి, ఎన్నికైన పొలములో కోయవలసిన గడికి చీటీ వేయుదురు. నేడు పంటకోత ప్రయోగము లీ పద్ధతినే జరుగును. అందలి క్రమము రైతు ప్రతివాడును తెలిసికొనదగినది. ఎన్నికైన పొలమునకు పోయి, నిర్ణీతమైన మూలయందు నిలిచి, పట్టికలో వచ్చిన అంకెల ప్రకారము పొడవు వెంట ఇన్ని అంగలు, వెడల్పు వెంట ఇన్ని అంగలు నడచి, ఆగినచోట మేకు నాటుదురు. వరికి అచ్చటినుండి 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గడిని త్రాటితో కట్టి, అందలి పైరు కోసి, నూర్చి, తూర్పారబట్టి, తూచుదురు. పచ్చిగింజ తేమతో బరువెక్కి యుండును గనుక, కొంత ధాన్యమును ఎండబెట్టి మరల తూచి తరుగు కట్టుదురు. 25 చదరపు మీటర్ల గడి హెక్టారులో 400వ వంతు, ఎకరములో సుమారు 162వ వంతు. గడిలో 10 కిలోలు వచ్చిన ఎకరమునకు 1620 కిలోలన్నమాట.

ఆగినచోట పైరు పలుచగా నున్నదని ప్రక్కకు జరుగరాదు. ఏపుగా నున్నదని వెనుకకు రారాదు. జరిగిన మరుక్షణము చీటీ న్యాయము పోయి మనుష్యుని ఇష్టము వచ్చి కూర్చుండును. గడి పరిమాణము సైతము పట్టించుకొనదగినదే. త్రాటిమీద పడిన దుబ్బును లోపలికే చేర్చు అలవాటు కోతగాండ్రకు కలదు. గడి చిన్నదైనకొలది లోపలి చోటుతో పోల్చిన అంచు ఎక్కువగును. దానితో దిగుబడియు లేనిది ఉన్నట్లు పెరుగును. గడి ఎంత యుండవలెనను విషయమున మహలనోబిస్ పక్షమునకును, పెద్దగడిని కోరిన పాండురంగ వాసుదేవ సుఖాత్మే పక్షమునకును చాలకాలము వాదము నడచినది. ఒక త్రాడు దుబ్బుకు ఇవతలనో అవతలనో యనుదానిపై దేశపు ధాన్యపులెక్క ఆధారపడియుండుట ఆ వాదము నేర్పిన పాఠము.

పెద్దమచ్చు, తప్పుమచ్చు

మచ్చులో రెండు విధముల తప్పులు కలవు. మొదటిది దైవికమైన తేడా. 40 చీట్లు తీసిన మరల 40 తీసిన, రెండుసార్లును అవే యిండ్లు రావు. జవాబు కొద్దిగా మారును. ఈ తేడాను మచ్చు పెంచి తగ్గింపవచ్చును. ఐతే తేడా సగము కావలెనన్న మచ్చు రెండింతలు చాలదు, నాలుగింతలు కావలెను. మరియొక విశేష మేమన, సమష్టి చాల పెద్దదైనప్పుడు మచ్చు ఎంత యుండవలెననునది సమష్టి పరిమాణముపై అంతగా ఆధారపడదు. బాగుగా కలిపిన చారు చిన్నగిన్నెలో నున్నను, పెండ్లివారి గంగాళములో నున్నను, ఉప్పు చూచుటకు ఒక గరిటెడే చాలును.

రెండవది పక్షపాతము. దీనిని మచ్చు పెంచి తగ్గింపలేరు. మూతికడ గింజలే తీయువాడు పిడికెడుకు బదులు శేరు తీసినను అవి మూతికడ గింజలే. ఇందుకు అమెరికాలో 1936లో జరిగినది ప్రసిద్ధమైన నిదర్శనము. ఆ యేటి అధ్యక్ష ఎన్నికకు ముందు లిటరరీ డైజెస్ట్ అను వారపత్రిక సుమారు కోటిమందికి కార్డులు పంపి, ఓటు ఎవరికని అడిగెను. సుమారు 23 లక్షల జవాబులు వచ్చినవి. వానిని లెక్కించి, లాండన్ నూటికి 57 వంతులతో గెలుచునని పత్రిక ప్రకటించినది. ఎన్నికలో రూజ్‌వెల్టు నూటికి 60కి పైగా ఓట్లతో గెలిచెను. జార్జి గాలప్ అను నతడు సుమారు 50 వేలమందిని మాత్రమే విచారించి గెలుపెవరిదో సరిగా చెప్పెను. పత్రిక చిరునామాలను టెలిఫోను జాబితాలనుండియు, మోటారుకార్ల రిజిస్టర్లనుండియు ప్రధానముగా సేకరించినది. ఆ ఆర్థికమాంద్య దినములలో టెలిఫోనును, కారును గలవాడు ఎవడు? అదియు గాక, కార్డు అందిన ప్రతి నలుగురిలో ముగ్గురు జవాబే వ్రాయలేదు. 1938లో ఆ పత్రిక ఆగిపోయినది. 23 లక్షల గింజలు మూతికడవైనచో పిడికెడు నడిమిగింజలకు సాటిరావని లోకము నేర్చుకొన్నది.

పల్లెలోను ఇదియే జరుగును. పగలు లెక్క వ్రాయ వచ్చినవారికి తాళము వేసిన యిండ్లు కనబడును. అవి కూలికి పోయినవారి యిండ్లు. తలుపు తెరచియున్న ప్రక్కయింటిని వ్రాసికొని పోయిన, ఆ ఊరిలో కూలివారు తక్కువని కాగితము చెప్పును. ప్రక్కయింటికి పోక, సాయంకాలము అదే యింటికి మరల వచ్చువాడే లెక్కవ్రాయుటకు అర్హుడు.

కూర్చని అంకె పలుకదు

మచ్చు సరిగా తీసిన పిమ్మట పనిలో సగము మిగిలియుండును. తెచ్చిన అంకెలు కుప్పగా పడియున్నంతవరకు అవి నూర్చని పనలవంటివి. వానిని కూర్చు తీరునకు లెక్కకొక ఉదాహరణ. ఒక గ్రామమున చీట్ల పద్ధతిని 20 గళ్లు కోసి తూచిరనియు, ధాన్యము కిలోలలో ఇట్లు వచ్చినదనియు ఊహింపవలెను:

14, 9, 16, 12, 15, 7, 13, 17, 11, 15, 8, 14, 16, 10, 13, 15, 6, 14, 12, 13.

ఈ వరుసను చూచి పంట మంచిదో చెడ్డదో చెప్పుట కష్టము. ముందుగా చేయవలసినది అంకెలను తరగతులలో వేయుట. ప్రతి అంకెయు ఒకే తరగతిలో పడవలెను. ఏ అంకెయు వెలుపల మిగులరాదు. 6 నుండి 9 వరకు ఒక తరగతి, 9 నుండి 12 వరకు మరియొకటి యని వ్రాసిన, 9 ఎచ్చటికి పోవలెనో తెలియక తగవు వచ్చును. పాలలెక్కకు గోడమీద గీతలు గీచినట్లు, ఒక్కొక్క గడికి ఒక్కొక్క నిలువుగీత గీచి, ఐదవదానిని అడ్డముగా గీచి కట్ట కట్టిన లెక్కించుట తేలిక. అట్లు చేయగా:

6 నుండి 8 కిలోలు — 3 గళ్లు
9 నుండి 11 కిలోలు — 3 గళ్లు
12 నుండి 14 కిలోలు — 8 గళ్లు
15 నుండి 17 కిలోలు — 6 గళ్లు
మొత్తము — 20 గళ్లు

ఇప్పుడు అంకెలు పలుకుచున్నవి. ఎక్కువ గళ్లు 12కు పైన నున్నవి. కొన్ని మాత్రము చాల క్రిందికి జారినవి. మొత్తము ధాన్యము 250 కిలోలు. 20చే భాగింపగా సగటు గడికి 12.5 కిలోలు, అనగా ఎకరమునకు సుమారు 2025 కిలోలు. అంకెలను చిన్నదానినుండి పెద్దదానివరకు వరుసగా పేర్చి నడుమ నిలిచినదానిని చూచిన అది 13. దీనికి మధ్యగతమని పేరు. ఇచ్చట రెండును దగ్గరగా నున్నవి గాని, ఎల్లప్పుడును అట్లుండవు. పది కుటుంబములలో తొమ్మిదింటికి ఎకరము చొప్పునను, ఒకదానికి 91 ఎకరములును ఉన్నచో, సగటున కుటుంబమునకు పదేసి ఎకరములు. మధ్యగతము ఒక్క ఎకరము. పదేసి ఎకరముల రైతు ఆ ఊరిలో ఒక్కడును లేడు.

మరల ఇరువది గళ్లకు. వానిలో 15 గళ్లు కాలువ తలగట్టు పొలములవి, 5 గళ్లు చివరి పొలములవి యనుకొని విడదీయవలెను. చివరి పొలముల అంకెలు 6, 7, 8, 9, 10. వాని సగటు 8. తలగట్టు పొలముల సగటు 14. ఎకరమునకు లెక్కించిన, ఒకచోట సుమారు 2268 కిలోలు, మరియొకచోట 1296 కిలోలు. 12.5 అను సగటు అబద్ధము కాదు. కాని చివరి రైతు గాదెను అది చూపదు. విడదీసి వ్రాసిన పట్టికయే చూపును.

ఈ భేదము కాగితముతో పోవునది కాదు. 1985లో ఆరంభమైన సమగ్ర పంటబీమా పథకమునందును, 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనయందును, సామాన్యముగా ఒక్కొక్క రైతు నష్టమును గాక ప్రాంతపు సగటు దిగుబడిని చూచుటయే సూత్రము. ముందు నిర్ణయించిన హామీ దిగుబడికన్న పంటకోత ప్రయోగముల సగటు ఎంత తగ్గినదో, బీమా మొత్తములో ఆ వంతు రైతులకు చెల్లును. ఉదాహరణములోని గ్రామమునకు హామీ దిగుబడి గడికి 13 కిలోలనుకొన్నచో ఏమగును? లెక్కకు వచ్చినవారు ఎండకు వెరచి, బాటప్రక్కనున్న తలగట్టు పొలములలోనే గళ్లు కట్టిన సగటు 14 వచ్చును. హామీకన్న హెచ్చు గనుక ఒక్క రైతునకును ఒక్క రూపాయి రాదు. చీటీ చెప్పినచోటికే పోయిన సగటు 12.5. హామీకి అరకిలో తక్కువ, అనగా నూటికి సుమారు 4 వంతుల నష్టము. ఆ మేరకు అందరికి సొమ్ము వచ్చును. రెండు లెక్కలకును నడుమనున్నది గణితము కాదు, కాలువ చివరివరకు నడచిన నడక. ఐనను నూటికి 4 వంతులు చివరి రైతునకు నిజముగా కలిగిన నష్టముకన్న చాల తక్కువ. సగటు నమ్ముకొన్న పథకమునకు ఇది సహజమైన హద్దు. ఆ హద్దును తెలిసినవాడే, చివరి పొలములను వేరు తరగతిగా చూడుడని అడుగగలడు. తెలియనివాడు తన అదృష్టమును నిందించుకొని ఊరకుండును.

గ్రంథాలయములోని లెక్క

ఇరువదియైదేండ్ల గ్రంథాలయమునకు ఈ శాస్త్రము దూరమైనది కాదు. బీరువాలో పుస్తకములతోపాటు ఇరువదియైదేండ్ల ఎరువు రిజిస్టర్లు ఉండును. ఏ యేడు ఏ పుస్తకములు పఠితలు కోరిరి, స్త్రీలెందరు, పిల్లలెందరు, వ్యవసాయ గ్రంథములు ఎందరు తీసికొనిరి యని తెలిసిన, రాబోవు ఏండ్లలో కొనవలసిన పుస్తకములకు దారి దొరకును. 300 నెలల పుట లన్నిటిని చదువుట భారమైన, మచ్చు తీయవచ్చును. సంక్రాంతి నెలను మాత్రమే తీసిన తప్పగును. పరీక్షల నెలను మాత్రమే తీసినను తప్పే. కోతలకాలమున గ్రంథాలయము బోసిపోవును. వేసవి సెలవులలో పిల్లలతో నిండును. కావున ఏడాదిని కోతలకాలము, చదువులకాలము, వేసవి యని తరగతులుగా విభజించి, ప్రతి యేట ప్రతి తరగతిలో ఒక వారమును చీటీ వేసి తీసిన 75 వారములు వచ్చును. పదవతరగతి విద్యార్థులు నలుగురు రెండు జట్లుగా కూర్చుండి, వేర్వేరు చీట్లతో ఆ పని చేసిన, ఒక జట్టు లెక్కకు మరియొక జట్టు లెక్క సాక్షి యగును. గీతలు గీచి, పట్టిక కట్టి, గోడకు తగిలించిన, ఊరు తన చదువును తానే చూచుకొనును.

ఐనను ఆ పట్టిక చెప్పని మాట యొకటి మిగులును. ఎరువు రిజిస్టరులో నున్నవి గ్రంథాలయపు మెట్టెక్కినవారి పేర్లే. మెట్టెక్కనివారు ఎందరో, ఎందుకు రాలేదో రిజిస్టరు ఎరుగదు. చదువు రాకనా, తీరిక లేకనా, తలుపులు తీయు వేళ వారు పొలమున నుండుటచేతనా? టెలిఫోను జాబితా ఆ అమెరికా పత్రికకు ఎట్టిదో, ఎరువు రిజిస్టరు గ్రంథాలయమునకు అట్టిది. దానిని నమ్మి ఊరంతటికి పుస్తకములు కొనిన, వచ్చువారికే మరికొన్ని పుస్తకములు చేరును. కావున రిజిస్టరు లెక్క ముగించిన విద్యార్థులు, ఇండ్ల జాబితాకు చీట్లు వేసి, 40 ఇండ్ల తలుపులు తట్టవలసియున్నది. తాళము వేసియున్న యింటికి సాయంకాలము మరల పోవలెను. ఆ యింటిలోని జవాబే ఈ గ్రంథాలయమునకు రాబోవు ఇరువదియైదేండ్ల పనిని నిర్ణయింపగలదు.

అన్నపుకుండలో అడుగున నున్న మెతుకును సైతము పైకి తెచ్చునదే గరిటె. ఊరిలో అంచున నున్నవానిని లెక్కలోనికి తెచ్చునదే మంచి మచ్చు. లెక్కలోనికి వచ్చినవాని సంగతి విచారింపక తప్పదు. రానివాడు లేనివాడే యగును. రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ సంస్థ తన రిజిస్టరులో లేని పేర్లను వెదకుకొనుచు స్వర్ణోత్సవమునకు నడచుగాక.